మార్కులు వేయని మనిషి



ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. బెంగళూరు రైలెక్కితే వరసగా తగిలే మూడు ఊళ్లు. ఈ ఊళ్లలో, చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాటలు వింటున్న అమ్మలకు, నాయనలకు, అవ్వాతాతలకు, అయ్యవార్లకు ఒక విషయం చెప్పాలని వచ్చాను. ముఖ్యంగా ఇంట్లో ఓ మూలన కూర్చుని, వింటూ కూడా విననట్టు ఉన్న పిల్లలకు చెప్పాలని వచ్చాను. టీనేజీ పిల్లలకు వచ్చే డిప్రెషన్ గురించి. దాన్ని అర్థం చేసుకోవడానికి, నయం చేయడానికి జరిగిన పరిశోధనల గురించి.

ముందే రెండు మాటలు చెప్పేస్తాను. డిప్రెషన్ ఒక జబ్బు. అది నయమయ్యే జబ్బు. ఈ రెండూ మధ్యమధ్యలో మళ్లీ చెప్తాను, విసుక్కోకండి.

పెనుకొండ దగ్గర ఒక పల్లె అనుకుందాం. అక్కడ పదో తరగతి చదివే పిల్లోడు ఒకడు. మొన్నమొన్నటిదాకా సాయంత్రమైతే బ్యాటు పట్టుకుని పరిగెత్తేవాడు. ఇప్పుడు స్నేహితులు వచ్చి పిలిచినా పోడు. సంగటి ముద్ద సగం తిని చెయ్యి కడుక్కుంటాడు. రాత్రి రెండైనా నిద్ర పట్టదు, పొద్దున ఎనిమిదైనా లేవడు. పుస్తకం తెరిచి అదే పేజీ గంటసేపు చూస్తూ కూర్చుంటాడు. పలకరిస్తే కసురుకుంటాడు. కడుపునొప్పి అంటాడు, తలనొప్పి అంటాడు. డాక్టరు చూసి ఏమీ లేదంటాడు.

ఇంట్లో వాళ్లేమంటారు? నాయన 'పొగరెక్కింది' అంటాడు. అవ్వ 'గాలి సోకింది, తాయెత్తు కట్టించండి' అంటుంది. అయ్యవారు 'చదువు మీద శ్రద్ధ పోయింది' అంటాడు. పక్కింటాయన 'అంతా ఆ సెల్లు వల్లే' అంటాడు. అందరూ వాడి గురించి మాట్లాడుతున్నారు. వాడి పక్కన కూర్చుని వాడితో మాట్లాడింది ఎవరు?

పెద్దవాళ్లకు ఈ జబ్బు వస్తే ముఖంలో దిగులు కనబడుతుంది. పిల్లల్లో చాలాసార్లు దిగులుకు బదులు కోపం, చిరాకు కనబడతాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ రోగ నిర్ధారణ పుస్తకంలోనే ఈ సంగతి రాసిపెట్టింది. కాబట్టి పిల్లోడు ఏడవడం లేదు కదా, ఇంకేం డిప్రెషన్ అనుకోకండి. ఎప్పుడూ లేని కోపం వచ్చిందంటే ఒకసారి ఆలోచించండి.

మరి మామూలు బాధకూ ఈ జబ్బుకూ తేడా ఎట్లా తెలుస్తుంది? పరీక్ష పోతే బాధ ఉంటుంది. స్నేహితుడితో గొడవైతే బాధ ఉంటుంది. రెండు మూడు రోజులకు తగ్గుతుంది. డాక్టర్లు చూసేది రెండు వారాలు. రెండు వారాల పాటు, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు అదే దిగులో, అదే చిరాకో ఉండి, ఇష్టమైన పనుల మీద కూడా ఇష్టం పోతే, నిద్రా తిండీ చదువూ దెబ్బతింటే, అది జబ్బేమోనని చూపించుకోవాలి. గుర్తు పెట్టుకోండి, రెండు వారాలు.

ఇప్పుడు ధర్మవరం పోదాం. మగ్గం నడిచే ఒక ఇల్లు. ఇంటర్ మధ్యలో మానేసిన అమ్మాయి. పొద్దున లేచి కండెలు చుడుతుంది, వంట చేస్తుంది, తమ్ముడికి క్యారియర్ కడుతుంది. గమ్మునుంటుంది. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, దానికీ గమ్మునే ఉంటుంది. 'మా పాప బంగారం, నోరెత్తదు' అని వాళ్లమ్మ చెప్పుకుంటుంది. ఈ అమ్మాయి పని ఆగలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ వయసు వచ్చిన దగ్గర నుంచీ మగపిల్లల కంటే ఆడపిల్లల్లో డిప్రెషన్ దాదాపు రెండింతలు ఎక్కువని దేశదేశాల పరిశోధనలు చెప్తున్నాయి. మరి మన దగ్గర ఆసుపత్రి దాకా వచ్చే ఆడపిల్లలు ఎందరు? నోరెత్తకపోవడాన్ని మంచి గుణమని మెచ్చుకునే ముందు, ఆ పాప ఎందుకు మాట్లాడడం లేదో కనుక్కోండి తల్లీ.

ఈ జబ్బు పెద్దవాళ్లదని మనం అనుకుంటాం. మనిషి జీవితంలో వచ్చే మానసిక జబ్బుల్లో సగం 14 ఏళ్ల లోపే మొదలవుతాయని 2005లో అమెరికాలో రొనాల్డ్ కెస్లర్ బృందం చెప్పింది. మన దేశంలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. డిప్రెషన్ ఒక్కటే కాదు, అన్నీ కలిపి. అరవై మంది ఉండే క్లాసులో నలుగురు. మీ ఊరి హైస్కూల్లో మీ పిల్లల క్లాసును ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. ఏ నలుగురు?

ఈ జబ్బు ఎందుకొస్తుంది? ఒక్క కారణం చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. కొంత పుట్టుకతో వస్తుంది, ఇంట్లో ఎవరికైనా ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. కొంత బతుకులోంచి వస్తుంది. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది ఇంట్లో జరిగే గొడవలు, అమ్మానాయనా సుగ్గికి పోతే అవ్వ దగ్గర మిగిలిపోయిన రోజులు, బడిలో ఏడిపించే పిల్లలు, హాస్టల్లో ఒంటరితనం. పుట్టుకా బతుకూ ఎక్కడ ఎట్లా కలుస్తాయో కనుక్కోవాలని నిమ్హాన్స్, లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు కలిసి సీవేద అనే పెద్ద అధ్యయనం పెట్టారు. 6 నుంచి 23 ఏళ్ల వయసు వాళ్లను దేశంలో ఏడు చోట్ల పరిశీలించారు. ఆ ఏడింటిలో ఒకటి మనకు దగ్గరే, మదనపల్లె పక్కన రిషీవ్యాలీ. చుట్టుపక్కల పల్లెల పిల్లలు అందులో ఉన్నారు. సైన్సు అంటే ఎక్కడో సముద్రాలు దాటి జరిగేదని అనుకోవద్దని ఈ మాట చెప్తున్నాను.

సరే, జబ్బు. మరి నయమవుతుందా? అవుతుంది. ఎట్లా తెలుసు? ఇక్కడ కొంచెం నిదానంగా వినండి.

అమెరికాలో డాక్టర్ జాన్ మార్చ్ నాయకత్వంలో ఒక పరిశోధన జరిగింది. 2004లో మొదటి ఫలితాలు వచ్చాయి. 12 నుంచి 17 ఏళ్ల వయసున్న 439 మంది పిల్లలు. అందరికీ గట్టి డిప్రెషనే. వాళ్లను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఫ్లూఆక్సెటిన్ అనే మాత్ర ఇచ్చారు. రెండో గుంపుకు మాత్ర లేదు, మాటల చికిత్స ఒక్కటే. అంటే వారం వారం ఒక నిపుణుడితో కూర్చుని, నేను ఎందుకూ పనికిరాను అనే ఆలోచన ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం, ఆగిపోయిన పనులను ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టడం. మూడో గుంపుకు మాత్రా ఇచ్చారు, మాటల చికిత్సా ఇచ్చారు. నాలుగో గుంపుకు మాత్రలాగే ఉండే, మందు లేని ఉత్తి బిళ్ల.

మూడు నెలల తర్వాత చూశారు. ఉత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో నూటికి 35 మంది బాగుపడ్డారు. మాటల చికిత్స ఒక్కటే పొందినవాళ్లలో 43 మంది. మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లలో 61 మంది. రెండూ కలిపి పొందినవాళ్లలో 71 మంది. మళ్లీ చెప్తున్నాను. మాత్రా మాటా రెండూ కలిస్తే నూటికి 71 మంది బాగుపడ్డారు.

కథ అక్కడితో ఆగలేదు. చికిత్సలు కొనసాగించి తొమ్మిది నెలలకు మళ్లీ చూశారు. ఈసారి మాటల చికిత్స మెల్లగా వచ్చి మాత్రను అందుకుంది. రెండింటిలోనూ నూటికి 81 మంది. కలిపి పొందినవాళ్లలో 86 మంది. నాకు ఈ పరిశోధనలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ తొమ్మిది నెలల సంగతే. మన దగ్గర వారం రోజులు మాత్ర వేసి, తగ్గలేదని మానేస్తారు. లేదా నెలకు కొంచెం తేలిక కాగానే మానేస్తారు. ఈ జబ్బు నెలల లెక్కలో తగ్గుతుంది. ఓపిక పట్టాలి.

మాత్రల గురించి ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. అదే 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. పిల్లల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఈ రకం మందులు వేసుకున్నవాళ్లలో నూటికి నలుగురికి చనిపోవాలనే ఆలోచనలో, ప్రయత్నాలో కనిపించాయి. ఉత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో నూటికి ఇద్దరికి. ఆ పరీక్షల్లో ఎవరూ ప్రాణం పోగొట్టుకోలేదు. అయినా హెచ్చరిక హెచ్చరికే. దీన్నిబట్టి మందు వద్దని కాదు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో పిల్లలను దగ్గరుండి కనిపెట్టుకోవాలని, డాక్టరు రమ్మన్న రోజుకు తప్పకుండా తీసుకుపోవాలని.

అన్ని మందులూ ఒకటి కాదు కూడా. 2001లో పారాక్సెటిన్ అనే మందు పిల్లలకు బాగా పనిచేస్తుందని ఒక పరిశోధన అచ్చయింది. 2015లో వేరే శాస్త్రవేత్తలు అదే పరీక్ష కాగితాలన్నీ మొదటి నుంచీ తిరగేశారు. ఆ మందు ఉత్తి బిళ్ల కంటే మెరుగ్గా పనిచేయలేదని, పైగా హాని ఎక్కువని తేలింది. పద్నాలుగేళ్లు పట్టింది ఆ నిజం బయటపడడానికి. అందుకే చెప్తున్నాను, మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి. పక్కింటివాళ్లకు రాసిన చీటీతో మీ పిల్లలకు మాత్ర తేకండి. డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆపకండి.

ఇంతవరకు చెప్పింది అమెరికా సంగతి. మన దగ్గర అంతమంది నిపుణులు ఎక్కడున్నారు అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు బీహార్ నుంచి వచ్చింది.

నలందా జిల్లా. మన జిల్లాలాగే పల్లెలు, సర్కారు బళ్లు, చాలీచాలని సౌకర్యాలు. అక్కడ 74 హైస్కూళ్లలో గోవాకు చెందిన సంగత్ సంస్థ, డాక్టర్ విక్రమ్ పటేల్, ఆయన సహచరులు కలిసి ఒక పరీక్ష చేశారు. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొన్ని బళ్లలో బయటి నుంచి ఒక మామూలు మనిషిని తెచ్చి, శిక్షణ ఇచ్చి, బడిలో పెట్టారు. డాక్టరు కాదు, సైకాలజిస్టు కాదు. ఆ మనిషిని మిత్ర అని పిలిచారు. ఇంకొన్ని బళ్లలో ఇదే పని అక్కడి టీచరుకే అప్పగించారు. మిగతా బళ్లు మామూలుగా నడిచాయి.

ఆ మిత్ర ఏం చేసేవారు? బడి గోడ మీద పిల్లల చేత గోడపత్రిక పెట్టించేవారు. ఒక పెట్టె పెట్టేవారు, అందులో ఏ పిల్లైనా పేరు రాయకుండా తన బాధ రాసి వేయొచ్చు. ఏడిపించడం గురించి, కొట్టడం గురించి ప్రార్థన సమయంలో మాట్లాడేవారు. కావాలన్న పిల్లలతో విడిగా కూర్చుని వినేవారు.

ఎనిమిది నెలల తర్వాత చూస్తే, మిత్ర ఉన్న బళ్లలో డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. ఏడిపించడం, కొట్టుకోవడం తగ్గాయి. బడి మా బడి అని పిల్లలు అనుకోవడం బాగా పెరిగింది. మరి టీచరుకు అప్పగించిన బళ్లలో? ఏమీ మారలేదు.

దీన్ని మళ్లీ చెప్పాలి. అదే కార్యక్రమం, అదే జిల్లా, అదే వయసు పిల్లలు. బయటి మనిషి చేస్తే ఫలించింది. టీచరు చేస్తే ఫలించలేదు. బ్రిటన్‌లో 2022లో వచ్చిన, ఎనిమిది వేల మందికి పైగా పిల్లలు పాల్గొన్న మరో పెద్ద పరిశోధనలో, కొన్ని బళ్లలో టీచర్లకు శిక్షణ ఇచ్చి పిల్లలకు ధ్యానం లాంటిది నేర్పించారు. దానివల్లా పిల్లల డిప్రెషన్ తగ్గలేదు.

నేను అయ్యవార్లను తప్పు పట్టడం లేదు. సిలబస్సు, పరీక్షలు, మధ్యాహ్న భోజనం, యాప్‌లో ఫోటోలు, అన్నీ వాళ్ల నెత్తినే. వాటి మీద ఇంకో బరువు పెడితే ఎట్లా మోస్తారు? కానీ నాకు తోచిన అసలు కారణం వేరు. మార్కులు వేసే మనిషి దగ్గర, నాయనకు ఫోన్ చేసే మనిషి దగ్గర పిల్లలు మనసు విప్పరు. పిల్లలకు మార్కులు వేయని పెద్ద మనిషి ఒకరు కావాలి. ఈ పరిశోధనలన్నీ చదివాక నాలో గట్టిపడిన మాట ఇదే. ప్రతి బడిలో, ప్రతి హాస్టల్లో, మార్కులు వేయని మనిషి ఒకరు ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. సుప్రీంకోర్టే చెప్పింది. విశాఖపట్నంలో పోటీ పరీక్షకు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో, 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయకూడదు. సాయం చేసే ఫోన్ నంబరు హాస్టల్లో, క్లాసులో అందరికీ కనబడేట్టు రాసి పెట్టాలి. హిందూపురం నుంచి ఎంతోమంది పిల్లలను ఇంటర్ కోసం దూరపు రెసిడెన్షియల్ కాలేజీలకు పంపుతారు. ఫీజు కట్టే ముందు ర్యాంకుల బోర్డు చూస్తారు. ఈసారి ఇంకో ప్రశ్న అడగండి. 'మీ కౌన్సెలర్ ఎవరు? ఏ గదిలో కూర్చుంటారు? పిల్లలు ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చా?' సర్కారు బడిలో పేరెంట్-టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు ఇదే అడగండి. పదిమంది అడిగితే జవాబు చెప్పక తప్పదు.

మన రాష్ట్రంలోనే ఒక ఆశ కలిగించే పని జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ట్యాబ్‌లు ఇచ్చింది. వాళ్లు ఇంటింటికీ పోయి ప్రశ్నలు అడిగి, దిగులుతో ఉన్నవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి చేర్చారు. హర్యానాలో కూడా ఇదే చేశారు. ఊళ్లలో నాటకం వేశారు, వీడియోలు చూపించారు, ఈ జబ్బంటే సిగ్గుపడక్కర్లేదని చెప్పారు. 2024లో వచ్చిన ఫలితాల్లో డిప్రెషన్ తగ్గిందని తేలింది. అది పెద్దవాళ్ల సంగతి. అదే సంస్థ 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం విజయవాడ, ఢిల్లీ బస్తీల్లో ఆర్టెమిస్ అనే పరీక్ష పెట్టింది. కృష్ణా గోదావరి తీరంలో ఆశా కార్యకర్త చేయగలిగిన పని పెన్నా తీరంలో ఆశా కార్యకర్త చేయలేదా? చేయగలదు. నేర్పించాలి, జీతం పెంచాలి, చీటీ రాసి పంపితే చూసే డాక్టరు ఉండాలి.

పల్లె ఆసుపత్రిలోనే మానసిక వైద్యం అందించవచ్చని 1980ల్లో నిమ్హాన్స్ చేసి చూపించింది మనకు దగ్గరి బళ్లారి జిల్లాలోనే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని దేశమంతా నడుస్తున్నది ఆ బళ్లారి అనుభవం నుంచి పుట్టిందే.

మరి ఇవాళ ఎక్కడికి పోవాలి? ముందు మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. జబ్బు ముదిరిందనిపిస్తే బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకు ప్రత్యేక విభాగమే ఉంది. దాన్ని పిచ్చాసుపత్రి అని పిలిచి పిల్లలను భయపెట్టకండి. గుండె జబ్బుకు జయదేవ ఆసుపత్రికి పోయినట్టే దీనికి నిమ్హాన్స్‌కు పోవాలి.

ఇప్పుడు అమ్మానాయనలతో ఒక మాట. పిల్లలు 'నేను లేకుంటే మీకు సుఖం' అన్నా, 'బతకాలని లేదు' అన్నా తేలిగ్గా తీసుకోకండి, తిట్టకండి. నేరుగా అడగండి. 'చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాయనా?' అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. ఆ భయం నిజమా అని న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా హైస్కూలు పిల్లల మీద పరీక్షించారు. 2005లో ఫలితం వచ్చింది. అడగడం వల్ల ఆలోచన పుట్టలేదు, బాధ పెరగలేదు. కాబట్టి అడగండి. అడిగాక వినండి. సలహా తర్వాత చెప్పొచ్చు. ఆ రోజుల్లో పిల్లలను ఒంటరిగా వదలకండి. పొలం మందులు ఇంట్లోనే లేకుండా చేయండి.

పిల్లలారా, ఇప్పుడు మీతో. మీరు సోమరులు కారు. మీరు చెడ్డవాళ్లు కారు. మీకు వచ్చింది జబ్బయితే అది నయమవుతుంది. ఇంటర్ తప్పితే సప్లిమెంటరీ ఉంది, మళ్లీ రాయొచ్చు. ఇంట్లో చెప్పలేకపోతే పిన్నికి చెప్పండి, మామకు చెప్పండి, స్నేహితుడి వాళ్లమ్మకు చెప్పండి. ఒక్కరికి చెప్పండి. ఇవాళే చెప్పండి. ఎవరూ లేరనిపిస్తే ఒక నంబరుంది. టెలీమానస్. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. పైసా ఖర్చు లేదు. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు. తెలుగులో మాట్లాడతారు. మీకు మార్కులు వేయరు.

కాగితం, పెన్ను తీసుకోండి. అమ్మానాయనలు కూడా రాసుకుని గోడ మీద, పిల్లలకు కనబడే చోట అతికించండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మళ్లీ చెప్తున్నాను. 14416.